కాపరికి సెలవెప్పుడు?

పెదవేగి మండలంలో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్న సేవకుడొకరు కిందటి శ్రమల దినాల్లో ప్రసంగం మధ్యలోనే పుల్పిట్ పట్టుకుని కూలబడిపోయారు. సంఘపెద్దలు ఆయన్ని ఆటోలో ఏలూరు తీసుకెళ్లారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, రక్తపోటు బాగా ఎక్కువగా ఉందనీ నిద్ర చాలడం లేదనీ చెప్పి, ‘‘సెలవు తీసుకుని ఎన్నాళ్లయిందండీ?’’ అని అడిగారు. ఆయన భార్య వైపు చూశారు. ఆమె కాసేపు ఆలోచించి ‘‘పెద్దపిల్ల పుట్టినప్పుడు మా అమ్మగారింట్లో మూడు రోజులున్నారు’’ అంది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఆయన వారం ఎలా గడుస్తుందో మనకు తెలియనిది కాదు. ఆదివారం రెండు ఆరాధనలు, సండే స్కూలు. మంగళవారం స్త్రీల సమాజం, బుధవారం ఇంటి కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి ఆల్‌నైట్ ప్రేయర్. మధ్యలో పెళ్లిళ్లు, భూస్థాపనలు, జ్ఞాపకార్థ కూడికలు, కొత్తింటి ప్రార్థనలు. అర్ధరాత్రి ఎవరింట్లో మొగుడూపెళ్లాలు కొట్టుకున్నా ముందు మోగేది పాస్టరుగారి ఫోనే. పది రోజులు విశ్రాంతి తీసుకోవాలని డాక్టరు చెప్పారన్న మాట సంఘంలో చర్చకు వస్తే, ఒక పెద్దాయన లేచి ‘‘సాతానుకు సెలవుందా? దేవుని సేవకుడికి మాత్రం ఎందుకు?’’ అన్నారట. సాతానును మాదిరిగా తీసుకోమని బైబిలులో ఎక్కడ రాసి ఉందో ఆయనే చూపించాలి.

మన సంఘాల్లో అలసిపోవడం విశ్వాసం లేకపోవడమనే అభిప్రాయం ఒకటి బలంగా పాతుకుపోయింది. అందుకు 1 రాజులు 19వ అధ్యాయమే జవాబు. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా, యెజెబెలు పంపిన ఒక్క కబురుకు బెదిరిపోయి బెయేర్షెబా దాకా పారిపోయాడు. పనివాణ్ణి అక్కడ వదిలి, ఒంటరిగా అరణ్యంలోకి ఒక రోజు ప్రయాణం చేసి, బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి వేడుకున్నాడు. అప్పుడు దేవుడేం చేశాడో చూడండి. గద్దించలేదు. వాక్యం చెప్పలేదు. ఉపవాసం ఉండమనలేదు. నిద్రపోనిచ్చాడు. నిద్ర లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకుంటే ఊరుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ పెట్టాడు. ప్రయాణం నీ శక్తికి మించినదని దూత చెప్పింది కూడా ఆ రెండోసారి వడ్డించేటప్పుడే. ఆ తరువాత నలభై రాత్రింబగళ్లు నడక. ఆ నడక ముగిసి, హోరేబు గుహలో ఒక రాత్రి బస చేసిన తరువాత గాని ‘ఇక్కడ నీకేం పని’ అనే ప్రశ్న రాలేదు.

ఆ అధ్యాయం చివర మనం ఎప్పుడూ చదివి వదిలేసే సంగతి ఒకటుంది. దేవుడు ఏలీయాను తిరిగి పనిలోకి పంపాడు, నిజమే. కానీ వట్టి చేతులతో పంపలేదు. ఎలీషాను అభిషేకించమన్నాడు. అంటే సాయానికి మనిషినిచ్చాడు. తిండి, నిద్ర, నడక, ఏకాంతం, ఆ పైన ఒక సహాయకుడు. డాక్టరు మన పాస్టరుగారికి రాసిచ్చిన చీటీకీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఈ మధ్య ఒక పత్రికలో కరేబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవి గురించి చదివాను. డబ్బున్నవాళ్లు ఓడల్లో వెళ్లి అక్కడ సేదతీరుతారు. పొద్దున కొండ ఎక్కడం, పగలు పగడపు దిబ్బల మధ్య ఈత, చిన్న పడవల్లో తిరగడం, సాయంత్రం ఇసుకలో కూర్చోవడం. ఊరికే మంచం మీద పడుకోవడం కాదు, ఒళ్లు కదిపి మనసుకు విశ్రాంతినిచ్చుకోవడం. ఆలోచన మంచిదే, ఏలీయా నడక కూడా ఆ కోవలోదే. అయితే ఆ దీవి పేరు మిషనరీ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. మొరేవియన్ సంఘం నుంచి లియొనార్డ్ డోబర్, డేవిడ్ నిచ్‌మన్ అనే ఇద్దరు 1732లో సువార్త పట్టుకుని వెళ్లింది అక్కడికే, డెన్మార్కు ఏలుబడిలో ఉన్న ఆ దీవిలోని ఆఫ్రికా బానిసల దగ్గరికి. ఆ బానిసలకు విముక్తి దొరికింది 1848లో. అంటే ఈనాడు ప్రపంచం విశ్రాంతి కోసం వెళ్లే చోట, ఒకనాడు విశ్రాంతి అనే మాటే ఎరగని మనుషులు బతికారు. కరేబియన్ దీవుల్లో చాలాచోట్ల ఆదివారం నాడు కూడా వాళ్లు తమకిచ్చిన చిన్న చెక్కలో తిండి పండించుకోవలసి వచ్చేది. యజమాని చెరకు తోటలో ఆరు రోజులు, తమ కడుపు కోసం ఏడో రోజు.

ఈ సంగతి తెలిశాక ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం మళ్లీ తెరిచి చూశాను. నిర్గమకాండం 20లో విశ్రాంతి దినానికి కారణంగా సృష్టిని చెప్పిన దేవుడు, ఇక్కడ కారణం మార్చాడు. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది గుర్తుంచుకుని మీ దాసుడికీ దాసికీ మీతో పాటు విశ్రాంతి ఇవ్వండి అన్నాడు. కాబట్టి విశ్రాంతి దినం ఆజ్ఞ ముందుగా అడిగేది నువ్వు విశ్రాంతి తీసుకున్నావా అని కాదు. నీ కింద పనిచేసేవాడికి ఇచ్చావా అని.

పెదవేగిలో ఈ ప్రశ్న గట్టిగానే తగులుతుంది. ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం 1995 నుంచి ఇక్కడే ఉంది. చుట్టుపక్కల ఎటు చూసినా పామాయిల్ తోటలే. వరి అయితే కోత అయ్యాక చేను ఖాళీగా ఉంటుంది, కూలీకి కూడా కాస్త ఊపిరాడుతుంది. పామాయిల్ చెట్టుకు ఆ ముచ్చట లేదు. ఏడాది పొడవునా కాపే. పది పదిహేను రోజులకోసారి గెలలు కోయాలి, కోసినవి 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. కోత ఆదివారం పడితే ఆదివారమే. పొడుగాటి కర్రకు కట్టిన కత్తి పట్టి, మెడ పైకెత్తి పొద్దుటినుంచీ కోసినవాడు సాయంత్రం ఆరాధనకు వచ్చి కునికిపాట్లు పడితే మనం అతణ్ణి ‘నిద్ర విశ్వాసి’ అని ఎగతాళి చేస్తాం. ఆ తోట యజమాని ముందు వరసలో కూర్చుని ఉంటాడు. ఒక్కోసారి ఆయన సంఘపెద్ద కూడా. కోత తేదీని ఒక రోజు అటో ఇటో జరపడం ఆయనకు అసాధ్యం కాదు. ఇక కొల్లేరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండే కుర్రాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలతాయేమోనన్న భయంతో వాళ్లకు రాత్రీ లేదు, పగలూ లేదు.

పాస్టరుగారు కాస్త కోలుకున్నాక, సంఘం ఒక మంచి పని చేయాలనుకుంది. అందరం కలిసి ఒక రోజు రిట్రీట్‌కు వెళ్దామన్నారు. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి బస్సు మాట్లాడారు, నన్నూ రమ్మన్నారు. కొల్లేరు గట్టు, చెట్ల నిండా గూడబాతులు, పిల్లలకు అడిగినంత ఆకాశం. ఇంతకన్నా ఏ దీవి కావాలి? కానీ బస్సు దిగీ దిగగానే కరెంటు ఎక్కడ దొరుకుతుందని మైకు కోసం వెతుకులాట మొదలైంది. పది గంటలకు మొదటి ప్రసంగం, పదకొండున్నరకు రెండోది, భోజనాల తరువాత బైబిలు క్విజ్, మూడింటికి మరో ప్రసంగం. ఆ మూడూ చేసింది ఎవరనుకున్నారు? మన పాస్టరుగారే! పులిహోర, చికెన్ కూర కోసం రాత్రి రెండింటికే లేచిన ఆడవాళ్లు మధ్యాహ్నం వడ్డించి, గిన్నెలు కడిగి, తిరిగి బస్సెక్కేటప్పుడు అడిగితే పక్షుల్ని చూడలేదన్నారు. బేతనియలో మార్తను ప్రభువు మెత్తగా మందలించాడని ప్రసంగిస్తాం గాని, ఆ రోజు వంట మగవాళ్లం చేద్దామని మనలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మార్కు 6వ అధ్యాయంలో ప్రభువు తన శిష్యుల్ని ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు. వచ్చేపోయేవాళ్ల తాకిడికి వాళ్లకు అన్నం తినడానికి కూడా తీరిక లేదని అక్కడే ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను చనిపోయిన రోజులవి. పడవెక్కి వెళ్లారు. అయితే జనం కాలినడకన ముందే అక్కడికి చేరుకున్నారు. సెలవు చెడింది. ప్రభువు విసుక్కోలేదు, కనికరపడ్డాడు, బోధించాడు, ఐదువేల మందికి అన్నం పెట్టాడు. ‘చూశారా, ప్రభువే విశ్రాంతి మానుకున్నాడు’ అని ఈ భాగాన్ని చూపించేవాళ్లుంటారు. వాళ్లు నలభై అయిదో వచనం దాకా చదవాలి. పని అవగానే శిష్యుల్ని పడవెక్కించి పంపేశాడు, జనాన్ని కూడా పంపేశాడు, తానొక్కడే కొండెక్కి ప్రార్థనలో గడిపాడు. చెడిపోయిన విశ్రాంతిని ఆయన ఆ రాత్రికే తిరిగి తెచ్చుకున్నాడు. వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యలేదు.

మన ప్రాంతపు మిషను చరిత్రలో రాబర్ట్ నోబుల్ గారి పేరు ప్రసంగాల్లో వింటూంటాం. 1841లో మచిలీపట్నం వచ్చి, 1865లో కన్నుమూసే వరకు ఒక్కసారైనా ఇంగ్లండు వెళ్లని మనిషి. ఆ పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాల్సిందే. కానీ ఆయనతో పాటే వచ్చిన హెన్రీ ఫాక్స్ పేరు అంతగా వినబడదు. ఆయన ఆరోగ్యం చెడి నీలగిరుల్లో కొంతకాలం గడపవలసి వచ్చింది, చివరికి ఇంగ్లండు తిరిగి వెళ్లి 1848లో 31 ఏళ్లకే చనిపోయారు. ఫాక్స్ గారి విశ్వాసం తక్కువదా? ఆయన శరీరం బలహీనమైనది, అంతే. ప్రతి కాపరినీ నోబుల్‌తోనే పోల్చి చూసే సంఘానికి, ఫాక్స్ లాంటి కాపరి పక్కనే ఉన్నా కనబడడు.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఏడాదిలో రెండు వారాలు కాపరికి జీతంతో సెలవు, ఆ రెండు ఆదివారాలు సంఘపెద్దలే వాక్యం చెప్పడం. ఆ రోజుల్లో ఫోను కూడా ఒక పెద్ద చేతిలోనే ఉండాలి. తోటలున్న విశ్వాసులు ఆదివారం కోత పెట్టకపోవడం. నెలంతా చేసినవాడికి ఒక రోజు విశ్రాంతికి కూలి కోయకపోవడం. ఎందుకంటే కూలి లేని విశ్రాంతి పేదవాడికి పస్తుతో సమానం. అలాంటి విశ్రాంతి దినాన్ని మోషే రాయలేదు.

పాస్టరుగారు పోయిన నెల ఎట్టకేలకు కొల్లేటి లంకలో ఉన్న వాళ్ల అక్కగారింటికి వెళ్లారు. తెల్లవారుజామున బావగారితో దోనెలో వెళ్లి వలలు తీసేవారట, పగలు వేపచెట్టు కింద నిద్ర, సాయంత్రం గట్టు వెంట నడక. మొదటి మూడు రోజులూ తప్పు చేస్తున్నట్టే అనిపించిందని చెప్పారు. నాలుగో రోజున చాలా ఏళ్ల తరువాత, ప్రసంగం తయారుచేసుకోవడానికి కాకుండా ఊరికే బైబిలు తెరిచానన్నారు. తొమ్మిదో రోజున సంఘం నుంచి ఫోను వచ్చింది. కొత్త ఇంటికి శంకుస్థాపన ప్రార్థనట, మీరే రావాలన్నారట. అక్కగారు ఫోను లాక్కుని ‘‘తమ్ముడు పడుకున్నాడండీ’’ అని పెట్టేసిందని నవ్వుతూ చెప్పారు. సంఘపెద్దలు ఇంకా ఆ మాట మీద కోపంగానే ఉన్నారు.