పాఠంగా చూసిన సినిమా ఊరికి వచ్చేదెప్పుడు?

మక్తల్: సినిమా చూపించి పాఠం చెప్పడం విశ్వవిద్యాలయాలకు కొత్తేమీ కాదు. చూసిన విద్యార్థి ఆ తరువాత ఏ ఊరికి వెళ్లాడు, ఎవరితో మాట్లాడాడు అన్న లెక్క మాత్రం ఎవరూ అడగరు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో పాఠాలు మొదలుపెట్టింది. అవి చూడటానికే గాని తిరిగి ప్రశ్న వేయడానికి వీలులేనివి. అంతకు ముందు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. గడువు తీరింది, ఉపగ్రహమూ పోయింది.

ఆ రోజుల్లో టీవీ కార్యక్రమాలు తయారుచేసిన పి.వి. సతీష్ తరువాత జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకుల్లో ఒకరయ్యారు. అక్కడ బడి ముఖం చూడని దళిత మహిళలు సైతం వీడియో కెమెరా పట్టారు. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల కష్టాలపై వారి చిత్రం 2003లో వచ్చింది. దానికోసం పంటకాలం పొడవునా రైతుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారు. డిగ్రీలిచ్చేవారు వీరి దగ్గర నేర్చుకోవలసింది ఈ ఓపికే.

మక్తల్ ప్రాంతానికి ఈ సంగతి దగ్గరిది. కృష్ణ పక్కనే పారుతున్నా బొంబాయికో, పూనాకో కూలికి పోయినవారు లేని ఊరు ఇక్కడ అరుదు. ఊరు వదిలి పట్నంలో కట్టుబడి పనికి చేరిన కూలీల బతుకే బి. నర్సింగరావు 1990లో తీసిన ‘మట్టి మనుషులు’. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలో చదివే పిల్లల్లో ఎందరికో అది సొంత ఇంటి కథ. దాన్ని తరగతిలో చూసి నాలుగు పేజీల వ్యాసం రాస్తే మార్కులు వస్తాయి. ఊళ్లో గోడకు తెల్లగుడ్డ కట్టి చూపిస్తే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, కోసుకున్నది ఎంత అన్న మాట బయటికి వస్తుంది. ప్రతి వలస కూలీకి ఫోటో అంటించిన పాసుపుస్తకం కంట్రాక్టరు ఇవ్వాలని 1979 నాటి చట్టం చెప్పింది. అది ఎవరి చేతికి అందిందో ఊరి పెద్దలను అడిగితే తెలుస్తుంది. రాసుకునేవాడు ఉండాలి గాని, చెప్పేవారికి కొదవలేదు.

అయితే జాతీయ సేవా పథకం శిబిరం పెట్టిన వారంలోనే ఊరు సగం ఖాళీగా ఉంటే బొమ్మ ఎవరికి చూపిస్తారు? ముసలివారికీ, తాళం వేసిన ఇళ్లకూనా? వలస పోయినవారు పీర్ల పండుగకో, ఉగాదికో ఇల్లు చేరతారు. ప్రదర్శన తేదీని కళాశాల క్యాలెండరు చూసి పెట్టకుండా, ఊరివారిని అడిగి పెట్టాలి. అదే విద్యార్థులు మరుసటి పండుగకూ అదే ఊరికి రావాలి, నిరుడు రాసుకున్న కాగితాలు వెంట తెచ్చుకోవాలి.