ఇంటి మురుగుకు చోటెక్కడ?

సికింద్రాబాద్: భూగర్భ మురుగు లైను ఇంకా చేరని శివారు కాలనీలలో ఇల్లు కట్టేవారు బోరు ఎక్కడ వేయాలో పదిమందిని అడుగుతారు. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు ఎటు పోవాలన్నది మాత్రం మేస్త్రీకి వదిలివేస్తారు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో విలీనమైన అల్వాల్, మల్కాజిగిరి, కాప్రా ప్రాంతాలలో చాలాచోట్ల ఇళ్ళు ముందు వెలిశాయి, లైన్లు వెనుక వచ్చాయి. ఈ లోపు భారమంతా పెరటి గుంటపైనే పడింది.

నిజానికి ట్యాంకు చేసేది సగం పనే. మడ్డి అడుగున నిలిచిపోతుంది. బయటికి వచ్చే నీరు తేటగా కనిపించినా రోగక్రిములు అందులోనే ఉంటాయి. వాటిని వడగట్టవలసింది నేల. అందువల్లనే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470 ముందుగా నేలను పరీక్షించాలని చెబుతున్నది. గుంట తవ్వి, రాత్రంతా నీటితో నానబెట్టి, మర్నాడు నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. అరగంట లోపు అయితే సోక్ పిట్ సరిపోతుంది. అరగంట నుంచి గంట వరకు పడితే కంకర పరచి, చిల్లుల గొట్టాలు వేసిన కాలువలు కావాలి. గంట దాటితే ఈ రెండూ పనికిరావు. పరీక్షను నడి వేసవిలో చేసి తృప్తిపడితే వానాకాలంలో గుంట పొంగవచ్చు.

సికింద్రాబాద్ నేల తీరు మరొక చిక్కు. పైన కొంత మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు. రాతి పగుళ్ళలోకి దిగిన మురుగు వడగట్టబడదు. బోరుకు నీరు దొరికేదీ ఆ పగుళ్ళలోనే!

మురుగు ఇంకే చోటికి, తాగునీటి బావికి మధ్య 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగులు ఉండాలని ప్రమాణం. రెండు వందల గజాల ప్లాటు పొడవే 60 అడుగులు, వెడల్పు 30. ఆపైన వాస్తు. బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో ఉండాలని చాలామంది పట్టుబడతారు. అందరూ ఇదే పాటిస్తే పడమటి పొరుగువారి ఈశాన్యం వీరి వాయవ్యాన్ని ఆనుకునే ఉంటుంది. మధ్యలో ఉండేది ప్రహరీ గోడ మాత్రమే. శాస్త్రం ఒక ఇంటిని చూసి చెబుతుంది, నీరు గోడను చూసి ఆగదు.

సైనిక్‌పురి వంటి చోట్ల విశాలమైన పాత ప్లాట్లలో కాలువలకు స్థలం దొరుకుతుంది. చిన్న ప్లాట్లవారు వీధి మొత్తం మాట్లాడుకుని బోర్లన్నీ రోడ్డు వైపు, గుంటలన్నీ పెరటి వైపు పెట్టుకుంటే కొంత మేలు. దూరం కుదరని ఇంట ఆ బోరు నీటిని తాగడానికి వాడకపోవడమే మంచిది. వాననీటి ఇంకుడు గుంతలోకి ట్యాంకు గొట్టం కలపడం అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే మురుగు నేరుగా భూగర్భ జలానికే చేరుతుంది.

ట్యాంకులో మడ్డిని రెండు మూడేళ్ళకొకసారి తీయించకపోతే అది కొట్టుకువచ్చి కాలువలను పూడ్చివేస్తుంది. ఆ పనికి యంత్రం ఉన్న ట్యాంకరునే పిలవాలి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం కింద నేరం. ఇంటి ప్లానుపై పక్క ఇళ్ళ బోర్లను కూడా గుర్తించి చూపమని అధికారులు అడగవచ్చు. దానికి కావలసింది ఒక కొలత టేపు, అరగంట సమయం.