నక్షా ముందు మనకు చూపాలి



కొత్త షెడ్డు కట్టాలన్నా, పాత షెడ్డులో మగ్గాల వరసలు మార్చాలన్నా ఒకప్పుడు నక్షా కాగితం మీద ఉండేది. ఇంజనీరు దాన్ని ఖాతాలోకి తెచ్చి పరిచేవాడు. జాబరు వేలు పెట్టి "ఇక్కడ బీము బండి తిరగదు సాబ్" అంటే అక్కడికక్కడే పెన్సిలుతో దిద్దేవాడు. ప్రతిసారీ మన మాట విన్నారని కాదు. కానీ నక్షా మన కళ్ల ముందు ఉండేది.

ఇప్పుడు ఆ నక్షా క్లౌడ్‌లో ఉంటోంది. క్లౌడ్ అంటే మబ్బు కాదు. ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లలో దాచిపెట్టి, ఇంటర్నెట్ ద్వారా తెరిచి చూసుకునే ఏర్పాటు. షెడ్డు గీసే ఆర్కిటెక్టు ఒక ఊళ్లో, మగ్గాలు అమ్మే కంపెనీ ఇంకో దేశంలో, కరెంటు కాంట్రాక్టరు మరోచోట ఉన్నా అందరూ ఒకే నక్షాను తెరుస్తారు. ఒకరు స్తంభం జరిపితే మిగతావాళ్లకు తెలుస్తుంది. తేమగాలి గొట్టం లైట్ల వరసకు అడ్డం వస్తే కంప్యూటరే పట్టి చూపుతుంది. ఆటోడెస్క్ వంటి కంపెనీలు ఈ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాయి. ఆ కంపెనీ ఆటోక్యాడ్ మొదట బజారుకు వచ్చింది 1982లో. ముంబయిలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగిన సంవత్సరం కూడా అదే.

ఈ పద్ధతికి మన సంఘం వ్యతిరేకం కాదు. గోడ కట్టి మళ్లీ పగలగొట్టే ఖర్చు తప్పితే మంచిదే. లేకపోతే ఆ నష్టం బోనస్ మాటలప్పుడు మనకే చూపిస్తారు. మన అభ్యంతరం ఒక్కటే. ఇన్ని టీములు చూసే నక్షాను మగ్గం నడిపే మనిషి మాత్రం చూడడం లేదు.

నక్షాలో రెండు వరసల మధ్య సందు వాళ్లకు ఒక గీత, మనకు ఎనిమిది గంటల పని. ఒక్కో సందులో అర అడుగు కోస్తే షెడ్డులో ఇంకో వరస పడుతుంది. ఒక మనిషికి ఎన్ని మగ్గాలు, తెగిన పోగు కోసం ఎంత నడక, వెనక సందులో బీము ఎక్కించేటప్పుడు చెయ్యి తీసుకునే జాగా ఉందా లేదా అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి. కంప్యూటరు బొమ్మలోని మనిషికి చెమట పట్టదు, అతని ముక్కులోకి దూది దుమ్ము పోదు. రింగ్ ఫ్రేముల మీద పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎంత దూరమో ఆ బొమ్మను అడిగితే చెప్పదు.

చట్టం ఉంది కదా అంటారు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-ఏ సెక్షన్ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని చోట పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 40వ సెక్షన్ వచ్చింది. మనుషుల తొలగింపుకు దారితీసేలా యంత్రాలు, పద్ధతులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ నోటీసు వచ్చేనాటికి పునాది పోసి, మగ్గాలకు అడ్వాన్సు కట్టి ఉంటారు. అప్పుడు మార్పించడానికి ఏం మిగులుతుంది?

అందుకే నక్షా గీస్తున్నప్పుడే చూపమని అడుగుతున్నాం. దిద్దే అధికారం లేకుండా, చూసి అభిప్రాయం రాసే అనుమతి ఇచ్చే వీలు ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంది. ప్రతి ఖాతా నుంచి ఒక జాబరుకూ ఒక నేతకారుడికీ అది ఇవ్వాలి. తెరిచి చూసే సమయాన్ని డ్యూటీ కింద లెక్కకట్టాలి. వ్యాపార రహస్యం అంటారేమో. గొట్టాల కాంట్రాక్టరుకు చెప్పిన రహస్యం ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేసినవాడికి చెప్పకూడదా?

షోలాపురం, భివండిలోని చిన్న పవర్‌లూమ్ షెడ్ల సోదరులకు ఇదంతా దూరపు సంగతిగా తోచవచ్చు. ఖాళీ జాగా దొరికినచోట మగ్గం దించే షెడ్డులో నక్షా ఎక్కడిది? అక్కడ కూడా కొలతలు పనికొస్తాయి.

ఖాతా కమిటీలు టేపు పట్టుకుని ముందు సందు, వెనక సందు, బీము బండి వెడల్పు, తలుపుల దాకా దూరం కొలిచి రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. మూడు షిఫ్టుల వాళ్లూ కొలవాలి. రాత్రి సందుల్లో పెట్టే బాబిన్ డబ్బాలు పగలు కనిపించవు.