లావెక్కడం లక్ష్మీకళ కాదు!

"అమ్మాయి కాస్త ఒళ్ళు చేసింది, అత్తవారింట్లో సుఖపడుతోందన్నమాట!" అని మురిసిపోయే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. కాస్త ఒళ్ళు చేస్తే ఫరవాలేదు. కానీ కాన్పు కాన్పుకీ నాలుగేసి కిలోలు పెరిగి, నలభై దాటేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కింద కూర్చుంటే లేవలేకపోవడం! దీన్ని కూడా "వయసు కదా" అని సరిపెట్టుకుంటున్నాం చూడండీ, అక్కడే వస్తోంది చిక్కంతా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళని తూచి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. అంటే ఇది మనలో ప్రతి ముగ్గురిలో ఒకరి సంగతి.

ముందుగా కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీయండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, మామూలుగా ఊపిరి వదిలి కొలవండి. పొట్ట లోపలికి పీల్చకూడదు సుమా! ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31.5 అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. మీవారి నడుమూ కొలవండి, మగవాళ్ళకి హద్దు 90 సెంటీమీటర్లు. ఇక బరువు సంగతి. అయిదడుగుల మనిషి 58 కిలోలుంటేనే మనవాళ్ళ లెక్కలో ఊబకాయం. 81 దాటితే తీవ్రమైనదన్నట్టే.

పైకి కనిపించే కొవ్వుకన్నా పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు ప్రమాదకరం. ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌ని అది సరిగ్గా పనిచేయనివ్వదు. దాంతో షుగరు వస్తుంది. వెనకాలే బి.పి., గుండెజబ్బు. కాలేయానికి కొవ్వు పడుతుంది, పిత్తాశయంలో రాళ్ళు చేరతాయి. ఇక మోకాళ్ళ సంగతి సరేసరి. ఒక్క కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట!

ఇవన్నీ ఎంతో కొంత విన్నవే. మనం పట్టించుకోనివి మరో రెండున్నాయి.

ఒకటి గురక. మా వీధిలో ఒకావిడ గురక పెడితే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. పగలు కూరలు తరుగుతూ కూడా కునుకు తీసేది. "బద్ధకం" అన్నారు. తీరా పరీక్ష చేస్తే, మెడ చుట్టూ చేరిన కొవ్వువల్ల నిద్రలో గొంతు మూసుకుపోయి, ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని తేలింది. గుండెకు చేటు చేసే జబ్బు అది. నవ్వాల్సిన విషయం కాదు.

రెండోది గర్భసంచి. ముట్లుడిగాక కూడా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారుచేస్తూనే ఉంటుంది. అందుకే బాగా లావుగా ఉన్నవారికి గర్భసంచి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు వచ్చే అవకాశం ఎక్కువ. ముట్లు ఆగి ఏడాది దాటాక ఏ కాస్త ఎరుపు కనిపించినా "వేడి చేసిందేమో" అనుకోకుండా వెంటనే డాక్టరమ్మకి చూపించుకోండి. సిగ్గుపడి దాచుకుంటే నష్టపోయేది మనమే.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. 90 కిలోల మనిషి సన్నజాజి తీగలా మారనక్కర్లేదు. అయిదు నుంచి తొమ్మిది కిలోలు తగ్గినా షుగరు, బి.పి. దారికొస్తాయి. నూనె డబ్బా వంచి పోయకుండా తలకి నెలకి అరలీటరు చొప్పున ముందే కొలిచి పెట్టుకోండి. అన్నం ఒక గరిటె తగ్గించి కూర, పప్పు పెంచండి. గిన్నెల్లో మిగిలింది "పారేయడమెందుకు" అని మన పొట్టలో వేసుకోవడం మానేద్దాం. రేపటికి దాచుకునేంత కూడా మిగలకుండా కొలిచి వండితే సరి. రోజూ అరగంట గబగబా నడవండి. ఇంటిపని చేస్తున్నాం కదా అంటే అది చాలదు.

ఇవి చేసినా బరువు దిగకపోతే థైరాయిడ్ ఉందేమో, వాడుతున్న మందులవల్లేమో డాక్టరుతో చూపించుకోండి. ఇప్పుడు మందులు, ఇంజెక్షన్లు, ఆపరేషన్లు కూడా ఉన్నాయి, కానీ అవి డాక్టరు చెప్తేనే. పక్కింటావిడ చెప్పిందని పొడులు తాగకండి. షుగరు మాత్రలు వేసుకునేవారు అడక్కుండా ఉపవాసాలు మొదలెట్టకండి.

మరో మాట. లావుగా ఉన్న ఆడపడుచునో తోటికోడలినో నలుగురిలో "ఏం తింటున్నావే!" అని వెక్కిరించకండి. మాటపడ్డ మనిషి ఇంట్లోంచి కదలదు, ఆస్పత్రికీ వెళ్ళదు. దానికి బదులు "పద వదినా, నేనూ నడుస్తాను" అని చెయ్యి పట్టుకోండి. ఇద్దరికీ మంచిది. ఏమంటారు?