రీగల్ భవనం నుంచి పెడన దాకా

కన్నాట్ ప్లేస్‌లోని రీగల్ సినిమాను ఎరుగని ఢిల్లీ తెలుగువాడు అరుదు. ఆ హాలు 2017లో మూతపడింది. పార్లమెంటు వీథి మొదట్లో, ఆ హాలున్న భవనంలోనే, ఓరిజిత్ సేన్, గుర్‌ప్రీత్ సిద్ధూ అనే కళాకార దంపతులు 1990లో 'పీపుల్ ట్రీ' పేరిట ఒక దుకాణం తెరిచారు. చేతితో బొమ్మలు వేసిన చొక్కాలు, అద్దకపు వస్త్రాలు, ఒక అలమర నిండా పుస్తకాలు ఆనాటి సరుకు. రాజకీయ లేఖలో బట్టల కొట్టు ప్రస్తావన దేనికని పాఠకులు అడగవచ్చు. ఆ కొట్టు అనుభవంలో మన చట్టసభలు తీర్చవలసిన ఒక బాకీ కనిపిస్తున్నది కనుక ప్రస్తావించవలసి వచ్చింది.

ఇది వట్టి వ్యాపార దంపతుల కథ కాదు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో చదువుకున్న సేన్, నర్మదా లోయలో ఆనకట్టల వల్ల నిర్వాసితులవుతున్న వారి కథను బొమ్మలలో చెప్పి 1994లో 'రివర్ ఆఫ్ స్టోరీస్' వెలువరించారు. మన దేశపు తొలి గ్రాఫిక్ నవల అని దానికి పేరు. ఆ దంపతుల చొక్కాలపై పర్యావరణం ఉండేది, మతసామరస్యం ఉండేది, అధికారంలో ఉన్నవారిపై ఎత్తిపొడుపూ ఉండేది. చొక్కా తొడుక్కోవడమే ఒక అభిప్రాయం ప్రకటించడమనే ధోరణిని రాజధాని యువతరంలో పెంచిన చోట్లలో అది ఒకటి. నినాదం సరుకుగా మారితే దాని పదును తగ్గదా అన్న శంక ఈ రచయితకు అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉన్నది. అయితే ఆ సరుకు ఎవరి చేతుల మీదుగా తయారైనదో దాచకపోవడం ఆ దుకాణపు సుగుణం.

2018 జనవరిలో ఒక ఫ్యాషన్ పత్రిక ముఖచిత్రంపై సినీతార సోనమ్ కపూర్ ఫ్రెంచి సంస్థ డియోర్ దుస్తులలో కనిపించారు. ఆ గుడ్డమీద యోగాసనాలు వేస్తున్న మనుషులు, చెట్లు, పూలు ఉన్నాయి. అది తమ అద్దకమేనని, రాజస్థాన్‌లోని కాలాడేరా పనివారితో కలిసి తాము తీర్చిన నమూనాయేనని సేన్ బహిరంగంగా ప్రకటించారు. రెండు గుడ్డలను పక్కపక్కన పెట్టి చూసినవారికి వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది. దేశమంతటా గగ్గోలు పుట్టింది. అదే సంవత్సరం వ్యవహారం కోర్టు వెలుపల రాజీతో ముగిసింది.

రాజీ కుదిరింది కనుక న్యాయం జరిగిందని అనుకోవడం పొరపాటు. ఆ వివాదం మన న్యాయస్థానంలో తుదిదాకా నడిచి ఉంటే ఏమయ్యేదన్నదే అసలు ప్రశ్న.

1957నాటి కాపీరైట్ చట్టంలో 15వ సెక్షన్ ఒకటున్నది. డిజైన్‌గా నమోదు చేయించదగిన నమూనాను, నమోదు చేయించకుండానే, హక్కుదారు పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి వస్తువుల మీదికి ఎక్కిస్తే ఆ డిజైన్‌పై కాపీరైట్ అంతటితో అంతరిస్తుందని దాని సారాంశం. గోడకు తగిలించే బొమ్మకైతే చిత్రకారుని జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ రక్షణ. నమూనా గుడ్డమీదికి దిగిందో, లెక్క యాభై దగ్గర ఆగిపోతుంది! చేతి అద్దకం పారిశ్రామిక పద్ధతి అవుతుందా అన్నది న్యాయవాదులు రోజుల తరబడి వాదించుకోదగిన విషయం. వాదనకయ్యే ఖర్చు అద్దకపువాడు భరించదగినది మాత్రం కాదు. రీతూ కుమార్ పేరిట దుస్తులమ్మే సంస్థ బీబా సంస్థపై వేసిన దావానే ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ సెక్షన్ ఆధారంగా తోసిపుచ్చింది. అంతటి సంస్థకే ఆ గతి. కళాకృతికీ డిజైన్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఒక తీర్పులో వివరించింది కాని, యాభై లెక్క చట్టంలో అట్లాగే ఉన్నది.

నమోదు చేయించుకుంటే సరిపోదా అని కొందరు తేలికగా అంటారు. 2000నాటి డిజైన్ల చట్టం కింద నమోదైన నమూనాకు మొదట 10 ఏళ్ళు, పొడిగిస్తే మరో 5 ఏళ్ళు రక్షణ లభిస్తుంది. కాని నమూనా కొత్తదై ఉండాలి, సంతలో పెట్టకముందే దరఖాస్తు చేయాలి. ఏ అచ్చు నిలుస్తుందో సంతకు వెళితేగాని తెలియని అద్దకపువాడు, చెక్కించిన ప్రతి అచ్చుకూ ముందుగానే రుసుము కట్టుకుంటూ పోతాడా? యూరపులో నమోదు లేని డిజైన్‌కు కూడా, ప్రజలముందుకు వచ్చిన నాటినుంచి మూడేళ్ళు నకలునుంచి రక్షణ ఉన్నది. మన చట్టంలో ఆ పాటి ఏర్పాటుకు చోటు చేయడం అసాధ్యమేమీ కాదు. పెద్ద పరిశ్రమలు కోరిన సవరణలకు దొరికే తీరిక దీనికి దొరకలేదు, అంతే.

భౌగోళిక గుర్తింపు ఉన్నది కదా అని వాణిజ్య మంత్రిత్వశాఖవారు గుర్తు చేస్తారు. ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీకి ఉన్నది, మచిలీపట్నం కలంకారీకీ ఉన్నది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది గాని బొమ్మను కాపాడదు. కలంకారీ అనకుండా అదే తీగను, అదే నెమలిని యంత్రం మీద అచ్చువేసుకునేవాడిని అది ఏమీ చేయలేదు. 2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్ ప్రదర్శనలో కొల్హాపురి చెప్పులను పోలినవాటిని నడిపించినప్పుడూ ఇదే తంతు. కొల్హాపురికి 2019లోనే గుర్తింపు వచ్చినా, జులైలో బొంబాయి హైకోర్టు ముందుకు వెళ్ళిన ప్రజాప్రయోజన వ్యాజ్యం నిలవలేదు. దావా వేయవలసినవారు గుర్తింపు నమోదు చేయించుకున్న హక్కుదారులని కోర్టు అభిప్రాయం. ప్రాడా దిగివచ్చిందంటే అది పత్రికల ఒత్తిడి వల్లనే.

పీపుల్ ట్రీ దంపతులకు పేరున్నది, ఇంగ్లీషు వచ్చు, స్నేహితులున్నారు, గట్టిగా అరిస్తే పారిస్‌కు వినిపించింది. మన కృష్ణా జిల్లా పెడనలో కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానబెట్టి, ఉడకబెట్టి, ఏటి నీళ్ళలో జాడించి, రంగుకొక అచ్చు చొప్పున అద్దే మనిషి అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? అతని బొమ్మను స్క్రీను మీద వేసి కలంకారీ అని అమ్మేది పారిస్ దొరలు కారు, మన సొంత దేశపు మిల్లులవారే. కనుక దీన్ని తెల్లవాడు దోచుకున్న కథగా మాత్రమే చెప్పుకుని ఆవేశపడితే సగం నిజం వదిలేసినట్టే.

మరొక చిక్కు కూడా ఉన్నది. అచ్చుతో అద్దే విద్య ఓరిజిత్ సేన్‌ది కాదు, తరతరాల పనివారిది. గీత ఆయనది, చేయి కాలాడేరాది. హక్కు దక్కినప్పుడు అందులో ఆ చేతి వాటా ఎంత అన్న ప్రశ్నకు మన చట్టంలో సమాధానమే కాదు, ప్రశ్న కూడా లేదు.

కమలాదేవి చటోపాధ్యాయ అధ్యక్షతన 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు ఒకప్పుడు ఇటువంటివి వినడానికి ఉండేది. అంతరించిపోతున్న కాళహస్తి కలంకారీ ఆమె చొరవతోనే మళ్ళీ ఊపిరి పోసుకున్నది. ఆ బోర్డును కేంద్రం 2020 ఆగస్టులో రద్దు చేసింది. చేనేత బోర్డు రద్దయి అప్పటికి కొద్ది రోజులే అయింది. కరోనా భయంలో ఉన్న దేశం గమనించలేదు. పెడననుంచి ఎవరైనా ఒక అచ్చు చేతబట్టుకుని నేడు ఢిల్లీ వస్తే, ఉద్యోగ్ భవన్‌లో అతను ఏ గది తలుపు తట్టాలో చెప్పగలిగిన ఎం.పి. మన రెండు రాష్ట్రాలలోనూ ఈ రచయితకు ఇంతవరకు తారసపడలేదు.