పెద్ద రాళ్లు, రెండు కాసులు



మార్కు సువార్త 13వ అధ్యాయము మొదట్లో, యేసు ప్రభువు దేవాలయములోనుండి వెళ్తూ ఉండగా శిష్యులలో ఒకడు ఆయనకు ఆ రాళ్లను, ఆ కట్టడములను చూపిస్తాడు. శిష్యులలో ఎక్కువమంది గలిలయవారు, కొందరు చేపలు పట్టేవారు. పల్లెనుండి రాజధానికి వచ్చినవారి చూపు ముందుగా పైకే పోతుంది. చూడదగిన రాళ్లే అవి. దేవాలయ ఆవరణకు హేరోదు కట్టించిన పడమటి గోడలో ఒక రాయి నేటికీ ఉంది, దాని పొడవు 13 మీటర్లకు పైమాటే!

మన సంఘాలలో కూడా ఢిల్లీ చూసి వచ్చే కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. పిల్లలు అక్కడ చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వెళ్లడం మంచిదే. ఒకప్పుడు రీలులో 36 ఫోటోలే గనుక ఆలోచించి తీసేవారు. ఇప్పుడు ఫోను నిండేదాకా తీస్తారు. కుతుబ్ మినార్ కొనను రెండు వ్రేళ్లతో పట్టుకొన్నట్లు ఒకటి, 340 గదుల రాష్ట్రపతి భవనము గేటు ముందు ఒకటి, ఇండియా గేటు దగ్గర లెక్కలేనన్ని.

ఆ ఇండియా గేటు సంగతే చూడండి. 1931లో ప్రారంభమైన ఆ కట్టడము ఎత్తు 42 మీటర్లు. అంతా రావాలని మనం ఎంతో దూరం వెనక్కి జరిగి ఫోటో తీస్తాము. అంత దూరానికి గోడలమీది అక్షరాలు కనబడవు. అవి యుద్ధాలలో చనిపోయినవారి పేర్లు, 13 వేలకు పైగా ఉన్నాయి. వారిలో ఒక నర్సు కూడా ఉంది. ప్రక్కనే 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకములో, స్వాతంత్ర్యము తరువాత ప్రాణాలిచ్చిన 25 వేలమందికి పైగా సైనికుల పేర్లు గుండ్రని గోడలమీద ఒక్కొక్క రాతికి ఒక్కొక్కటిగా చెక్కారు. అక్కడ దగ్గరగా నిలబడి చదువుకోవచ్చు. పిల్లలను తీసుకొని వెళ్లినవారు ఒక అరగంట ఆ గోడల ప్రక్కన నడిపించండి. అందుకు ఫోను అవసరము లేదు.

తిరిగి సువార్తకు వద్దాము. శిష్యుడు రాళ్లను చూపించకముందే ప్రభువు అదే దేవాలయములో కానుకపెట్టె ఎదుట కూర్చుండి వచ్చేవారిని చూస్తున్నాడు. ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ఆయన శిష్యులను దగ్గరకు పిలిచి మరీ ఆమెను గూర్చి చెప్పాడు. 12వ అధ్యాయము అక్కడితో ముగుస్తుంది. తరువాతి వచనములోనే, రాళ్లు చూడమని శిష్యుని మాట! మధ్యలో ఒక్క వచనము కూడా లేదు. మనము అధ్యాయాలుగా విడదీసి చదువుతాము గనుక ఇది గమనించము. ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమీయులు నాశనము చేశారు.

మొన్న దసరా సెలవులకు ఢిల్లీ వెళ్లివచ్చిన ఒక కుటుంబము నాకు ఫోటోలు చూపించారు. రెండు వందలకు పైగా ఉన్నాయి. అన్నీ బాగున్నాయి. “నాయనమ్మగారు మీతో రాలేదా?” అని అడిగాను. వచ్చారట. ఎక్కడ దిగినా సంచుల దగ్గర కూర్చోవడానికి ఒక మనిషి కావాలి గదా! ఆ ప్రయాణములో కొంత ఖర్చు ఆమె దాచుకున్న పింఛను డబ్బే అని తరువాత తెలిసింది.

ఆమె వంటింటి గుమ్మములోనే ఉన్నారు. “మీరేమి చూశారమ్మా?” అంటే ఇలా చెప్పారు: “బుడగలమ్మే పిల్ల ఒకతి నా ప్రక్కనే కూర్చుంది, అయ్యగారూ. పదేళ్లుంటాయేమో. నాకు దాని భాష రాదు, దానికి నాది రాదు. నా గాజులు పట్టుకుని చూసి నవ్వింది. మధ్యాహ్నందాకా ఒక్కటీ అమ్ముడుపోలేదు. మన పులిహోర పెడితే సగం తిని, సగం కాగితంలో చుట్టి దాచుకుంది. ఇంట్లో ఎవరికో మరి.” కొంచెము సేపు ఆగి, “పేరడగడం చేతకాలేదు. పేరు తెలియకుండా ప్రార్థన చెయ్యవచ్చా అయ్యగారూ?” అన్నారు.

చెయ్యవచ్చునని చెప్పాను. ఆ రెండు కాసులు వేసినామె పేరు కూడా సువార్తలో లేదు.