చేపకు పేను పడితే...

పేలు తలలోనే ఉంటాయనుకుంటాం. నీళ్లలో ఈదే చేపకూ తప్పవు! బొచ్చె, శీలావతి చేపల్ని పీడించే పేను సంగతి కైకలూరు, భీమవరం రైతులనడిగితే కథలు కథలుగా చెబుతారు. నార్వేలో సముద్రపు పంజరాల్లో సాల్మన్‌ పెంచేవారిదీ అదే గోల. పేను జాతి వేరు, అంతే.

నిజానికది పేను కాదు, రొయ్యకు దూరపు చుట్టం. చేప ఒంటికి అతుక్కుని జిగురు, చర్మం, రక్తం తినేస్తుంది. సెంటీమీటరుండే ఆడదాని వెనక రెండు గుడ్ల దారాలు వేలాడుతుంటాయి. ఒక్కో దఫా వందల గుడ్లు! ఒక్కో పంజరంలో 2 లక్షల దాకా చేపలుంటే దానికిక పండగే.

అందుకే అక్కడ పేలు లెక్కపెట్టడం చట్టం. నీళ్లు మరీ చల్లబడితే తప్ప, వారానికోసారి కొన్ని చేపల్ని తీసి, మత్తు నీళ్లలో ముంచి, ఒళ్లంతా వెతికి అంకె రాయాలి. సగటున రెండు చేపలకు ఒక పెద్ద ఆడపేను... అంతకు మించకూడదు. 2017 నుంచి వసంతంలో ఆరు వారాలపాటు ఐదు చేపలకు ఒకటే! నదుల్లో పుట్టిన సాల్మన్‌ పిల్లలు సముద్రానికి బయల్దేరేది అప్పుడే మరి. జానెడైనా లేని పిల్లకు పది పన్నెండు పేలు పడితే ప్రాణాల మీదికొస్తుంది.

ఇంతకీ లెక్క రాసేదెవరు? పెంపకందార్లే! పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. కాకపోతే అధికారులు తనిఖీకొస్తారు, అంకెలు అందరూ చూసేలా బయటపెడతారు. 2017లోనే తీరాన్ని 13 మండలాలుగా విడదీసి ట్రాఫిక్‌ లైట్లు పెట్టారు. పేల వల్ల అడవి చేపలకు ముప్పు ఎక్కువని తేలి ఎర్రదీపం పడితే పెంపకంలో 6 శాతం కోత పడొచ్చు. పచ్చదీపమైతే అంతే పెంచుకోవచ్చు.

మందులేవంటారా? మన పత్తికీ, మిర్చికీ కొట్టే ఇమామెక్టిన్‌ బెంజోయేట్‌నే మేతలో కలిపి పెట్టారు. పేలు దానికి అలవాటుపడిపోయాయి. పేలను తినే లంప్‌ఫిష్‌లను వదిలారు. పాపం, వాటిలో చాలావాటికి ఆ పంజరమే సమాధి. 30 డిగ్రీలకు అటూఇటూ వేడినీళ్లలో అర నిమిషం ముంచితే పేలు రాలతాయి. చల్లటి నీళ్ల చేప మాత్రం గిలగిల్లాడుతుంది, కొన్ని చస్తాయి కూడా. కెమెరాతో పేనును పసిగట్టి కాల్చే లేజర్లూ వచ్చాయి.

నదిలోకి ఎదురీదే అడవి సాల్మన్‌కు ఈ పాట్లేవీ లేవు. మంచినీళ్లు పడక పేలు కొద్దిరోజుల్లో వాటంతటవే రాలిపోతాయి. పంజరంలో చేపకు ఆ దారేది? మంచినీళ్లు నింపిన ఓడలోకి పంపుతో తోడి, కొన్ని గంటలుంచి, మళ్లీ పంజరంలోకే వదులుతారు. పై వారం మళ్లీ లెక్క మొదలు.